మెనూ వెనక ఉన్న కమాండు: ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ వాడేవారికి సమగ్ర మార్గదర్శి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత ల్యాప్‌టాప్‌లను అవతల పడేయడం ఇష్టం లేనివారు వాటి మీద విండోస్ బదులు లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ రకాలైన లినక్స్ మింట్, జుబుంటు, ఎంఎక్స్ లినక్స్ వంటివి వేసుకుంటున్నారు. పాత యంత్రం మీద వేసేవారు ఎక్కువగా ఎంచుకునే డెస్క్‌టాప్, అంటే మెనూలు, పట్టీలు, విండోలు చూపించే భాగం, ఎక్స్‌ఎఫ్‌సీఈ. 1996లో ఒలివియే ఫూర్దాన్ మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టు గుర్తు ఒక ఎలుక. తక్కువ మెమరీతో సరిపెట్టుకుంటుంది, ఆర్భాటం ఉండదు, ఏళ్లు గడిచినా ముఖం పెద్దగా మార్చుకోదు. నా దృష్టిలో ఆ మూడోదే దాని పెద్ద గుణం.

కొత్తగా వచ్చినవారు రెండు రకాలుగా ఇబ్బంది పడతారు. కొందరు అన్నిటికీ మెనూలోనే వెతుకుతూ, అక్కడ కనిపించనిది కంప్యూటర్‌లోనే లేదనుకుంటారు. మరికొందరు లినక్స్ అంటే నల్ల తెర మీద కమాండ్లు కొట్టడమేనని భయపడి మెనూను దాటి అడుగు వేయరు. నిజానికి ఈ రెండూ వేరు కావు. మెనూలో కనిపించే ప్రతి పేరు వెనకా ఒక కమాండు ఉంటుంది. మీరు నొక్కినప్పుడు నడిచేది ఆ కమాండే. ఇది ఒకసారి కళ్లతో చూస్తే మిగతాదంతా సులువవుతుంది కాబట్టి, ఈ వ్యాసం చివరి భాగంలో మెనూలోకి మన సొంత అంశాన్ని ఒకటి చేర్చి చూద్దాం.

ముందుగా ఒక మాట. ఇక్కడ కమాండ్లను తెలుగు లిపిలో రాస్తున్నాను. మీరు టైపు చేసేటప్పుడు మాత్రం ఇంగ్లీషు చిన్నక్షరాల్లోనే కొట్టాలి. అక్షరక్రమంలో సందేహం వచ్చే చోట అక్షరాలు విడివిడిగా చెబుతాను.

మెనూ తెరిచే దారులు

ప్యానెల్ అంటే తెర పైనో కిందో ఉండే పట్టీ. దాని ఎడమ మూలన ఉన్న బొమ్మను నొక్కితే మెనూ తెరుచుకుంటుంది. ఇది అందరికీ తెలిసిందే. తెలియని దారులు మరో మూడున్నాయి.

మొదటిది కీబోర్డు. ఆల్ట్, ఎఫ్1 కలిపి నొక్కితే మౌసు అవసరం లేకుండానే మెనూ వస్తుంది. జుబుంటు, మింట్‌లలో విండోస్ గుర్తు ఉన్న కీని ఒక్కదాన్ని నొక్కినా చాలు. లినక్స్ వాళ్లు దాన్ని సూపర్ కీ అంటారు. రెండోది ఖాళీ డెస్క్‌టాప్ మీద కుడి క్లిక్. వచ్చే జాబితా అడుగున "అప్లికేషన్స్" అనే ఉపమెనూ ఉంటుంది. మూడోది మౌసు మధ్య చక్రం, ఇది తెచ్చేది మాత్రం వేరే రకం మెనూ. ఖాళీ డెస్క్‌టాప్ మీద దాన్ని నొక్కితే తెరిచి ఉన్న విండోలన్నిటి జాబితా వస్తుంది. విండోలు ఒకదాని మీద ఒకటి పేరుకుపోయినప్పుడు ఇది బాగా పనికొస్తుంది. అయినా దీన్ని వాడేవారు నాకు అరుదుగానే కనిపించారు.

మెనూల్లోనూ రెండు రకాలున్నాయి. ఒకటి పాతకాలపు జాబితా మెనూ: వర్గాలు, వాటి పక్కన ఉపమెనూలు. రెండోది విస్కర్ మెనూ: పైన వెతికే పెట్టె, ఒక పక్కన వర్గాలు, మధ్యలో ప్రోగ్రాములు. జుబుంటులో 14.04 నుంచి విస్కర్ మెనూయే వస్తోంది. మింట్, ఎంఎక్స్‌లలోనూ అదే. డెబియన్ అనే మరో లినక్స్ రకం వేసుకున్నవారికి మాత్రం పాత మెనూ కనిపిస్తుంది. విస్కర్ మెనూ ప్యాకేజీని చేర్చుకుని, ప్యానెల్ మీద కుడి క్లిక్ చేసి, "ప్యానెల్" కింద "యాడ్ న్యూ ఐటమ్స్" ద్వారా దాన్ని పెట్టుకోండి. చేర్చుకోమనే నా సలహా.

వెతకొద్దు, టైపు చేయండి

విస్కర్ మెనూ తెరవగానే కర్సరు వెతికే పెట్టెలోనే ఉంటుంది. వర్గాల మధ్య తిరగడం మాని, నేరుగా నాలుగు అక్షరాలు కొట్టండి. పై వరుసలో కావలసింది రాగానే ఎంటర్ నొక్కండి. ఈ వెతుకులాట ప్రోగ్రాము పేరుకే పరిమితం కాదు. దాని వివరణను, కీలక పదాలను, వెనక ఉన్న కమాండును కూడా చూస్తుంది. అందుకే మీ డెస్క్‌టాప్ తెలుగులో ఉండి మెనూ పేర్లన్నీ తెలుగులో కనిపిస్తున్నా, ఇంగ్లీషులో "ఫైర్‌ఫాక్స్" అని కొడితే బ్రౌజరు దొరుకుతుంది.

ఇదే పెట్టెలో కొన్ని గుర్తులకు ప్రత్యేకమైన అర్థం ఉంది. ముందు ఆశ్చర్యార్థకం పెట్టి కమాండు రాస్తే అది టెర్మినల్ విండోలో, అంటే కమాండ్లు కొట్టి జవాబులు చదువుకునే ఆ నల్ల తెరలో, నడుస్తుంది. ముందు హ్యాష్ గుర్తు పెట్టి కమాండు పేరు రాస్తే దాని వాడుక వివరించే మాన్యువల్ పేజీ తెరుచుకుంటుంది. ప్రశ్నార్థకం పెట్టి రాస్తే ఆ మాటను వెబ్‌లో వెతుకుతుంది. వీటిని విస్కర్ మెనూ సెట్టింగులలోని "సెర్చ్ యాక్షన్స్" దగ్గర మార్చుకోవచ్చు, కొత్తవి చేర్చుకోవచ్చు.

రోజూ వాడే ప్రోగ్రాముల మీద కుడి క్లిక్ చేస్తే ఇష్టమైనవాటి జాబితాలోకో, ప్యానెల్ మీదకో పంపుకునే వీలుంది. అంతకు మించి అక్కడ చెప్పుకోవలసింది లేదు.

ఆల్ట్, ఎఫ్2: కమాండు పెట్టె

విండోస్‌లో రన్ పెట్టె వాడినవారికి ఇది పాత పరిచయమే. ఆల్ట్, ఎఫ్2 కలిపి నొక్కగానే తెర మధ్యలో చిన్న పెట్టె వస్తుంది. అందులో కమాండు రాసి ఎంటర్ కొట్టాలి. పెట్టె రాకుండా తెర వెలుగో శబ్దమో మారిందంటే, మీ ల్యాప్‌టాప్‌లో పై వరుస కీలు వేరే పనులకు కట్టి ఉన్నాయని అర్థం. ఎఫ్‌ఎన్ కీని కూడా కలిపి నొక్కండి. ఎక్స్‌ఎఫ్‌సీఈ కొత్త వెర్షన్లలో సూపర్, ఆర్ కలిపి నొక్కినా ఇదే పెట్టె వస్తుంది.

మొదటి ప్రయత్నంగా ఫైల్ మేనేజర్‌ను తెరవండి. దాని కమాండు థునార్: టి, హెచ్, యు, ఎన్, ఎ, ఆర్. రాస్తున్నప్పుడే పెట్టె మిగతా అక్షరాలను తానే పూరించబోతుంది. ఒప్పుకుంటే ఎంటర్ నొక్కండి.

అలవాటయ్యాక కమాండు తర్వాత ఒక ఖాళీ వదిలి, దేని మీద పని చేయాలో కూడా చెప్పండి. థునార్ తర్వాత ఒక ఫోల్డరు చిరునామా ఇస్తే నేరుగా ఆ ఫోల్డరే తెరుచుకుంటుంది. ఫైర్‌ఫాక్స్ తర్వాత వెబ్ చిరునామా ఇస్తే ఆ పేజీ వస్తుంది. మౌస్‌ప్యాడ్ అనే టెక్స్ట్ ఎడిటర్ తర్వాత ఫైలు పేరు ఇస్తే ఆ ఫైలు వస్తుంది. మెనూ ఇవ్వలేని సౌలభ్యం ఇదే. మెనూ మిమ్మల్ని ప్రోగ్రాము గుమ్మం దాకా తీసుకెళ్లి ఆగిపోతుంది. కమాండు మీకు కావలసిన గది దాకా తీసుకెళుతుంది.

పెట్టె కుడి చివర ఉన్న కింది బాణాన్ని నొక్కితే అది విచ్చుకుని, ప్రోగ్రాములన్నీ వర్గాలవారీగా కనిపిస్తాయి. ఆల్ట్, ఎఫ్3 నొక్కితే మొదటే ఆ పెద్ద రూపంలో తెరుచుకుంటుంది. మీరు ఇంతకుముందు నడిపిన కమాండ్ల జాబితా కూడా అక్కడే ఉంటుంది. పొడవైన కమాండును రెండోసారి మొత్తం కొట్టనక్కర్లేదు.

ప్రోగ్రాము పేరూ కమాండు పేరూ ఒకటే కావాలని లేదు. మెనూలో "టెక్స్ట్ ఎడిటర్" అని కనిపించేది మౌస్‌ప్యాడ్ కావచ్చు. "ఇమేజ్ వ్యూయర్" అనేది రిస్ట్రెట్టో కావచ్చు. లిబ్రేఆఫీస్ రైటర్ కమాండు లోరైటర్: ఎల్, ఓ తర్వాత రైటర్, అంతా కలిపి. ఏ ప్రోగ్రాముకు ఏ కమాండో తెలుసుకోవాలంటే విస్కర్ మెనూలో దాని మీద కుడి క్లిక్ చేసి "ఎడిట్ అప్లికేషన్" తెరవండి. "కమాండ్" అనే గడిలో రాసి ఉంటుంది. చూసి, ఏమీ మార్చకుండా మూసేయండి.

ప్యానెల్ మాయమైనప్పుడు

ఈ పెట్టె అసలు విలువ కష్టకాలంలో తెలుస్తుంది. ఒక్కోసారి ప్యానెల్ కూలిపోతుంది, లేదా ఇంట్లో పిల్లలు దాన్ని ఎక్కడో నొక్కి మూసేస్తారు. ప్యానెల్ పోతే మెనూ బొమ్మ పోతుంది, గడియారం పోతుంది, వైఫై గుర్తు పోతుంది. చాలామంది ఆ క్షణంలో పవర్ బటన్ నొక్కి పట్టుకుంటారు. తెరిచి ఉన్న పని పోగొట్టుకోవడం తప్ప దానివల్ల ఒరిగేది లేదు.

ఆల్ట్, ఎఫ్2 నొక్కండి. ఎక్స్‌ఎఫ్‌సీఈ4-ప్యానెల్ అని రాయండి: ఎక్స్, ఎఫ్, సి, ఇ, పక్కనే అంకె 4, అడ్డగీత, ఆ తర్వాత ఇంగ్లీషులో ప్యానెల్. మధ్యలో ఖాళీలు ఉండకూడదు. ఎంటర్ కొట్టగానే పట్టీ తిరిగి వస్తుంది. పట్టీ కనిపిస్తూనే స్తంభించిపోయి ఉంటే అదే కమాండు చివర ఖాళీ వదిలి, అడ్డగీత, ఆర్ అక్షరం చేర్చండి. అది ప్యానెల్‌ను ఆపి మళ్లీ మొదలుపెడుతుంది.

విండోల పై అంచులు, మూసే గుర్తులతో సహా, మాయమైతే పోయింది ప్యానెల్ కాదు, విండోలకు అంచులు గీసి వాటిని కదిలించే విండో మేనేజర్. అప్పుడు ఎక్స్‌ఎఫ్‌డబ్ల్యూఎం4 అని రాసి, ఖాళీ వదిలి, రెండు అడ్డగీతలు పెట్టి రీప్లేస్ అని రాయండి. ఏదో ఒక్క ప్రోగ్రామే బిగుసుకుపోతే ఎక్స్‌కిల్ అని కొట్టండి. మౌసు గుర్తు మారుతుంది. దానితో ఏ విండోను నొక్కితే అది అక్కడికక్కడే పోతుంది, సేవ్ చేయాలా అని అడగదు కూడా. మనసు మారితే కుడి క్లిక్ చేసి విరమించుకోండి. ప్యానెల్ మీద మాత్రం పొరపాటున కూడా నొక్కకండి, లేకపోతే ఈ భాగాన్ని మొదటి నుంచి చదవాల్సి వస్తుంది.

కమాండు నడవకపోతే

తెలుగువారికి ఎదురయ్యే మొదటి కారణం కీబోర్డే. మెయిలో వ్యాసమో తెలుగులో రాస్తూ మధ్యలో ఆల్ట్, ఎఫ్2 నొక్కితే పెట్టెలోనూ తెలుగు అక్షరాలే పడతాయి. అలాంటి పేరుతో కమాండు ఉండదు కాబట్టి ఏమీ నడవదు. కీబోర్డును ఇంగ్లీషుకు మార్చి మళ్లీ కొట్టండి. పెద్దక్షరాలు, చిన్నక్షరాల తేడా కూడా ఇక్కడ ముఖ్యం. ఫైర్‌ఫాక్స్‌లో మొదటి అక్షరం పెద్దది రాసినా, లినక్స్ దృష్టిలో అది వేరే పేరే.

రెండో కారణం ఇంకా చిక్కయినది: కమాండు నడుస్తుంది గానీ మీకు కనిపించదు. ఉదాహరణకు డిస్కులో ఎంత ఖాళీ ఉందో చెప్పే డీఎఫ్ కమాండును ఆల్ట్, ఎఫ్2 పెట్టెలో కొట్టండి. పెట్టె మూసుకుంటుంది, ఇంకేమీ జరగదు. అది తన జవాబు చెప్పింది, కానీ చూపించడానికి దానికి సొంత విండో లేదు. అక్షరాల్లో జవాబిచ్చే ఇలాంటి కమాండ్లకు టెర్మినల్ ఉండాలి. విస్కర్ మెనూలో ముందు ఆశ్చర్యార్థకం పెట్టి నడపండి, లేదా టెర్మినల్ తెరిచి అక్కడే కొట్టండి. టెర్మినల్ తెరుచుకుని రెప్పపాటులో మూసుకుపోతుంటే, పని అయిపోయింది కాబట్టి విండో వెళ్లిపోతోందన్నమాట. ఎక్స్‌ఎఫ్‌సీఈ4-టెర్మినల్ కమాండుకు రెండు అడ్డగీతలతో హోల్డ్ అనే ఐచ్ఛికం ఉంది. అది ఇస్తే పని పూర్తయినా విండో నిలిచే ఉంటుంది.

మూడోది అనుమతులు. సుడో అనే మాటతో మొదలయ్యే కమాండ్లు సిస్టమ్ మొత్తం మీద అధికారంతో నడుస్తాయి కాబట్టి పాస్‌వర్డ్ అడుగుతాయి. ఆల్ట్, ఎఫ్2 పెట్టెలో అడిగే చోటే లేదు కాబట్టి అవి అక్కడ పని చేయవు. వాటిని టెర్మినల్‌లోనే నడపండి. ఈ సందర్భంలోనే మరో మాట: ఎక్కడో చదివిన కమాండును అర్థం కాకుండా తెచ్చి అతికించడం ప్రమాదం. సుడో పక్కన ఆర్‌ఎం అనే మాట కనిపిస్తే అది ఫైళ్లను తుడిచేసే కమాండు. చెత్తబుట్టలోకి పంపదు, నేరుగా తీసేస్తుంది. హ్యాష్ గుర్తుతో మాన్యువల్ పేజీ తెరిచి చూసే అలవాటు ఇక్కడ అక్కరకొస్తుంది.

నాలుగోది, మీరే రాసుకున్న చిన్న స్క్రిప్టు (కమాండ్లు వరుసగా రాసిన ఫైలు) టెర్మినల్‌లో నడిచి, ఆల్ట్, ఎఫ్2లో నడవకపోవడం. కమాండ్లను ఏ ఫోల్డర్లలో వెతకాలో చెప్పే పాత్ అనే జాబితా ఒకటుంటుంది. టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ బాష్‌ఆర్‌సీ అనే తన సెట్టింగుల ఫైలును చదువుకుని ఆ జాబితాను పెంచుకుంటుంది. డెస్క్‌టాప్ ఆ ఫైలును చదవదు. మీరు లాగిన్ అయినప్పుడు ఉన్న జాబితానే పట్టుకుని ఉంటుంది. జుబుంటు, మింట్ వంటి ఉబుంటు కుటుంబంలో, మీ సొంత ఫైళ్లుండే హోమ్ ఫోల్డరులోని డాట్ లోకల్ కింద బిన్ అనే ఫోల్డరు ఉంటే లాగిన్ సమయంలో అది జాబితాలో చేరుతుంది. స్క్రిప్టును అందులో పెట్టి, ఒకసారి లాగౌట్ అయి మళ్లీ రండి. అంత ఓపిక లేకపోతే స్క్రిప్టు పూర్తి చిరునామా రాసి నడపండి.

మెనూలోకి మన సొంత అంశం

మెనూలోని ప్రతి అంశం ఒక చిన్న టెక్స్ట్ ఫైలు. దాని పేరు డాట్ డెస్క్‌టాప్ అని ముగుస్తుంది. అందరికీ చెందినవి యుఎస్‌ఆర్ ఫోల్డరులో షేర్ కింద అప్లికేషన్స్‌లో ఉంటాయి. మీ ఒక్కరివి హోమ్ ఫోల్డరులో డాట్ లోకల్, దానిలో షేర్, దానిలో అప్లికేషన్స్‌లో ఉంటాయి. ఒకే పేరుతో రెండు చోట్లా ఫైలుంటే మీదే చెల్లుతుంది. ఈ పద్ధతి ఎక్స్‌ఎఫ్‌సీఈ ఒక్కదానిదే కాదు. ఫ్రీడెస్క్‌టాప్ సంస్థ పెట్టిన ఈ ప్రమాణాన్ని గ్నోమ్, కేడీఈ అనే ఇతర డెస్క్‌టాప్‌లు కూడా పాటిస్తాయి. రేపు మీరు డెస్క్‌టాప్ మార్చినా ఈ ఫైలు అక్కడా పని చేస్తుంది.

ఒక నిజమైన అవసరం తీసుకుందాం. తెరిచి ఉన్న మెనూను స్క్రీన్‌షాట్ తీయాలంటే ప్రింట్ స్క్రీన్ కీ సాధారణంగా పని చేయదు, ఎందుకంటే మెనూ తెరిచి ఉన్నంతసేపు కీబోర్డు దాని చేతిలోనే ఉంటుంది. దీనికి విరుగుడు కొన్ని సెకన్లు ఆగి తీసే స్క్రీన్‌షాట్. ఆ కమాండు ఇది: ఎక్స్‌ఎఫ్‌సీఈ4-స్క్రీన్‌షూటర్, ఖాళీ, అడ్డగీత ఎఫ్, ఖాళీ, అడ్డగీత డి, ఖాళీ, 5. స్క్రీన్‌షూటర్ ఒకే మాట, చివర షూటర్ అని ఉందని గమనించండి. ఎఫ్ అంటే మొత్తం తెర, డి అంటే ఆగవలసిన సెకన్లు. ముందుగా దీన్ని ఆల్ట్, ఎఫ్2లో నడిపి చూడండి. ఐదు సెకన్లలో మీకు కావలసిన మెనూ తెరవండి. బొమ్మ పడ్డాక ఏం చేయమంటారని అడుగుతుంది.

అది పని చేసిందా? ఇప్పుడు మెనూలో పెడదాం.

1. మౌస్‌ప్యాడ్ తెరవండి. మొదటి వరుసలో చదరపు బ్రాకెట్ల మధ్య డెస్క్‌టాప్ ఎంట్రీ అని ఇంగ్లీషులో రాయండి. రెండు మాటల మొదటి అక్షరాలు పెద్దవి, మధ్యలో ఒక ఖాళీ.

2. రెండో వరుస టైప్, సమానం గుర్తు, అప్లికేషన్. సమానం గుర్తుకు అటూ ఇటూ ఖాళీ వదలకండి. ఇక్కడి నుంచి ప్రతి వరుసలోనూ సమానానికి ఎడమ పక్క మాట పెద్దక్షరంతోనే మొదలవ్వాలి. ఈ వరుసలో అప్లికేషన్ మొదటి అక్షరం కూడా పెద్దదే.

3. మూడో వరుస నేమ్, సమానం గుర్తు, ఆ తర్వాత మీకు నచ్చిన పేరు. ఇక్కడ కీబోర్డును తెలుగుకు మార్చి "ఆగి తీసే స్క్రీన్‌షాట్" అని రాసేయండి. మెనూలో అలాగే కనిపిస్తుంది. ఇంగ్లీషు డెస్క్‌టాప్‌లో ఇంగ్లీషు పేరు, తెలుగు డెస్క్‌టాప్‌లో తెలుగు పేరు కావాలంటే రెండు వరుసలు రాయాలి. మామూలు నేమ్ వరుసలో ఇంగ్లీషు పేరు పెట్టి, రెండోదానిలో నేమ్ పక్కనే చదరపు బ్రాకెట్లలో టి, ఇ అనే రెండు చిన్నక్షరాలు రాసి తెలుగు పేరు ఇవ్వండి. టి, ఇ అనేది తెలుగు భాష సంకేతం.

4. తర్వాతి వరుస ఎగ్జెక్, అంటే ఇ, ఎక్స్, ఇ, సి. సమానం గుర్తు తర్వాత ఇందాకటి కమాండు మొత్తం. ఫైలుకు ప్రాణం ఈ వరుసే.

5. ఐకాన్ వరుసలో కెమెరా-ఫోటో అని చిన్నక్షరాల్లో రాస్తే థీమ్‌లో ఉన్న కెమెరా బొమ్మ వస్తుంది. టెర్మినల్ వరుసలో ఫాల్స్ అని, కేటగిరీస్ వరుసలో యుటిలిటీ అని రాసి చివర సెమీకోలన్ పెట్టండి. యుటిలిటీలో మొదటి అక్షరం పెద్దది. మెనూలో ఇది "యాక్సెసరీస్" వర్గంలో చేరుతుంది.

6. పైన చెప్పిన మీ అప్లికేషన్స్ ఫోల్డరులో సేవ్ చేయండి. పేరు ఇంగ్లీషు చిన్నక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టి, డాట్ డెస్క్‌టాప్ అని ముగించండి. చుక్కతో మొదలయ్యే ఫోల్డర్లు దాగి ఉంటాయి. థునార్‌లో కంట్రోల్, హెచ్ నొక్కితే కనిపిస్తాయి.

మెనూ తెరిచి చూడండి, కొత్త అంశం వచ్చేసి ఉంటుంది. రాకపోతే డెస్క్‌టాప్-ఫైల్-వాలిడేట్ అనే కమాండును టెర్మినల్‌లో, పక్కన మీ ఫైలు పేరు ఇచ్చి నడపండి. ఏం తప్పుందో చెబుతుంది. ఎక్కువగా దొరికేవి సమానం గుర్తు పక్కన పడిన తెలుగు అక్షరం, మరచిపోయిన బ్రాకెట్.

ఎగ్జెక్ వరుసలో ఒక పరిమితి గుర్తుంచుకోండి. ఆ వరుస షెల్ గుండా, అంటే టెర్మినల్‌లో మన కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రాము గుండా, వెళ్లదు. అంటే ఒక కమాండు జవాబును నిలువుగీతతో ఇంకో కమాండుకు అందించడం, రెండు కమాండ్లను కలపడం అక్కడ నేరుగా కుదరవు. అలాంటివి కావాలంటే స్క్రిప్టుగా రాసి, ఆ స్క్రిప్టు పూర్తి చిరునామాను ఎగ్జెక్‌లో ఇవ్వడమే శుభ్రమైన పద్ధతి.

ఇదంతా చేత్తో రాయడం విసుగనిపిస్తే మెనూలిబ్రే అనే ప్రోగ్రాము ఉంది. గడులు నింపితే ఇవే వరుసలను అది రాసిపెడుతుంది. ఒక్కసారైనా చేత్తో రాశాక దాన్ని వాడమంటాను.

విస్కర్ మెనూలో కుడి క్లిక్ చేసి "హైడ్ అప్లికేషన్" అంటే జరిగేది కూడా ఇదే తంతు. అసలు ప్రోగ్రాము ఎక్కడికీ పోదు. దాచమనే గుర్తుతో మీ అప్లికేషన్స్ ఫోల్డరులో ఒక ఫైలు తయారవుతుంది. దాచినదాన్ని వెనక్కి తేవడం ఎలాగో తెలియక ప్రోగ్రామునే మళ్లీ ఇన్‌స్టాల్ చేసేవారున్నారు. ఆ ఫైలును తీసేస్తే చాలు, మెనూలో మళ్లీ కనిపిస్తుంది.

ఒక కీకి కట్టేయడం

మరీ ఎక్కువగా వాడే కమాండుకు మెనూ కూడా దూరమే. సెట్టింగ్స్ మేనేజర్ తెరిచి, "కీబోర్డ్"లోకి వెళ్లి, "అప్లికేషన్ షార్ట్‌కట్స్" అనే ట్యాబు నొక్కండి. "యాడ్" నొక్కి, కమాండు గడిలో స్క్రీన్‌షూటర్ కమాండును రాసి, ఓకే అన్నాక అది అడిగే కీలను నొక్కండి. సూపర్ కీతో కలిపి ఏదో ఒక అక్షరం పెట్టుకుంటే మిగతా ప్రోగ్రాములతో తగవు తక్కువ. ఆ కీలు అప్పటికే వేరే పనికి ఉంటే దేన్ని ఉంచాలో అడుగుతుంది.

మీరు ఈ వ్యాసంలో ఇప్పటిదాకా నొక్కిన ఆల్ట్, ఎఫ్2 కూడా ఆ జాబితాలోనే, ఎక్స్‌ఎఫ్‌సీఈ4-యాప్‌ఫైండర్ అనే కమాండు ఎదురుగా కనిపిస్తుంది. నచ్చకపోతే మార్చుకోవచ్చు. విండోలను పెద్దవి, చిన్నవి చేసే కీలు మాత్రం ఈ జాబితాలో ఉండవు. వాటి కోసం సెట్టింగ్స్ మేనేజర్‌లోనే "విండో మేనేజర్" తెరిచి, అందులోని "కీబోర్డ్" ట్యాబులో చూడండి.